నీడ ఎవరిది?

ఈ మధ్య మన పత్రికలలో చెట్టు మీద భక్తి పెరిగింది. నరికేవాళ్ళ కాలంలో మొక్కేవాళ్ళుండటం మంచిదే గనక అందుకు నేను విచారించను. కాని భక్తి ముదిరిన చోట ప్రశ్న నశిస్తుంది. తేయాకు తోటలలోని నీడ చెట్లను గురించి వస్తున్న వ్యాసాలు, యాత్రాకథనాలు, కవితలు చదివితే ఈ ప్రమాదం స్పష్టంగా కనిపిస్తున్నది. పై చెట్టు తల్లి అట. కింది తేయాకు పొద బిడ్డ అట. తల్లి ఎండను తాను భరించి బిడ్డకు చలువ పంచుతున్నదట. ఈ సహజీవనం చూసి మానవజాతి బుద్ధి తెచ్చుకోవాలట. ఇందులో తల్లి ఉన్నది, బిడ్డ ఉన్నది, మంచు ఉన్నది, పిట్ట ఉన్నది. ఆకు కోసే మనిషి లేదు. ఉన్నా వీపున బుట్టతో, రంగు చీరెతో, కొండకు పెట్టిన బొట్టులాగా ఉంటుంది తప్ప, చెమట పట్టే ఒళ్ళుగా ఉండదు.

చెట్లనూ పంటనూ ఒకే నేలలో కలిపి పెంచే ఈ పద్ధతికి ఆగ్రోఫారెస్ట్రీ అని శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి. తేయాకు సంగతి నీకెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ సాగును కవిత్వంగా మార్చి అంగడికి అందిస్తున్నవాళ్ళు మా సాహిత్యశాఖవాళ్ళే గనక నాకు కావాలి. ఒక పద్ధతిని పొగిడే ముందు అది ఎవరి అవసరం కోసం పుట్టిందో, దాని ఫలం ఎవరికి చేరుతున్నదో అడగటం విమర్శకుని ప్రాథమిక ధర్మం. నా ప్రశ్న ఒక్కటే: ఆ నీడ ఎవరిది?

ముందు మన భాషనే విచారిద్దాం. నీడ అనే మాటను మనం చలువ అనే అర్థంలో ఎంత వాడామో, అధికారం అనే అర్థంలోనూ అంతగా వాడాం. రాజు శ్వేతచ్ఛత్రం కింద కొలువుంటాడు. ప్రజలు ఆయన ఛత్రచ్ఛాయలో బతుకుతారు. భూమినంతటినీ ఒక్కడే ఏలితే అది ఏకచ్ఛత్రాధిపత్యం. ఆశ్రితుడు దొర నీడన ఉంటాడు. ఇక ఆ గొడుగు మోసేవాడో? వాడు ఎండలో నడుస్తాడు. కావ్యంలో వాడికి పేరుండదు. నీడకు యజమాని ఉంటాడన్న సంగతి మన భాషకు ఏనాడో తెలుసు. మరచిపోయినది మన ప్రకృతికవులు.

నీడ చెట్టు చేసే మేలును నేను కాదనటం లేదు. తేయాకు పుట్టుకతో పొద కాదు, చెట్టు. దాన్ని కత్తిరించి కత్తిరించి నడుమెత్తు పొదగా నిలిపింది మనిషి. అడవిలో పెద్ద చెట్ల కింద పెరగటం దాని జన్మస్వభావం. అస్సాం మైదానంలో ఎండ నేరుగా పడితే ఆకు చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఆకు వేడి 35 డిగ్రీలు దాటిన తరవాత అది ఆహారం తయారు చేసుకొనే శక్తి తగ్గుతూ పోతుందని, జోర్హాట్‌లోని టొక్లాయ్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన హాడ్‌ఫీల్డ్ 1968లో ప్రకటించాడు. నీడ చెట్టు ఆ వేడిని అదుపులో ఉంచుతుంది. చిక్కుడు జాతి చెట్టయితే గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెలలో నిలిపి నేలకిస్తుంది. రాలిన ఆకు ఎరువవుతుంది. వాన దెబ్బకు మన్ను కొట్టుకుపోకుండా కాపాడుతుంది. మండుటెండలో విజృంభించే ఎర్రనల్లి నీడలో కొంత అణుగుతుంది. అయితే నీడ మితిమీరితే దిగుబడి తగ్గుతుంది. తడి ఆరని కొండ తోటలలో ఆకు మీద బొబ్బలు లేపే బ్లిస్టర్ బ్లైట్ తెగులు పెరుగుతుంది. కాబట్టి నీడ ఎంత ఉండాలో చూసి ఉంచవలసిందే. చెట్టు నాటటం, కొమ్మ కొట్టటం, చెట్టు తీసివేయటం, ఇవన్నీ నిర్ణయాలు. నిర్ణయం ఉన్న చోట నిర్ణయించేవాడుంటాడు. అసలు చర్చ అక్కడ మొదలవుతుంది.

చరిత్ర చూడండి. అస్సాంలో తేయాకును ఇంగ్లీషువాడు సృష్టించలేదు. 1823లో రాబర్ట్ బ్రూస్‌కు దాన్ని ఎరుకపరచినవాడు సింగ్‌ఫో తెగ నాయకుడు బీసా గామ్. సింగ్‌ఫోలు అడవిలో పెరిగే తేయాకునే కోసి కాచుకొనేవాళ్ళు. పెద్ద చెట్ల కింద తేయాకు అనే జ్ఞానం, ఇప్పుడు మనకు కొత్తగా బోధిస్తున్న ఆ జ్ఞానం, వాళ్ళకు నిత్యానుభవం. 1838లో వచ్చిన ప్రభుత్వ నిబంధనలు ఆ అడవులకు బంజరు అని పేరు పెట్టాయి. అడవిని బంజరు అన్న తరవాత దాన్ని తెల్లవాళ్ళకు ధారపోయటం సులువయింది. 1839లో లండన్‌లో అస్సాం కంపెనీ పుట్టింది. ఆ కంపెనీకి దివానుగా పనిచేసి, బయటికి వచ్చి తన తోటలు తాను వేసుకున్న మణిరాం దేవాన్‌ను 1858లో తిరుగుబాటు నేరం మోపి జోర్హాట్‌లో ఉరితీశారు. కంపెనీలు అడవి నరికించాయి. నేల చదును చేయించి వరుసలు తీర్పించాయి. తరవాత, సౌ అనే స్థానిక వృక్షం కింద ఉన్న పొదలు మిగతావాటికంటే ఏపుగా పెరగటం తోటదొరల కంటబడింది. మళ్ళీ చెట్లు నాటించారు. నరికించినవాడే నాటించాడు. నరికించింది లాభం కోసం, నాటించిందీ లాభం కోసమే. ఇందులో తల్లి లేదు, బిడ్డా లేదు. జమాఖర్చుల పుస్తకం ఉన్నది.

ఆ చెట్లు నాటిన చేతులు ఎవరివి? ఛోటానాగపూర్ నుంచి, సంతాల్ పరగణాల నుంచి, ఆనాటి మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తీసుకుపోయిన కూలీల చేతులు. అస్సాం తోటలలో ఈనాటికీ తెలుగు కుటుంబాలున్నాయి. కాబట్టి ఇది పరాయివాళ్ళ కథ కాదు. ఒప్పందం తప్పిన కూలీని జైలుకు పంపటానికి 1859లో ఒక చట్టం. పారిపోయిన కూలీని వారంటు లేకుండా తోటదొరే పట్టి బంధించటానికి 1865లో మరో చట్టం. ఈ రెండో అధికారం 1908లో గాని పోలేదు. పొద వాడిపోకుండా చెట్టు నాటించిన వ్యవస్థే మనిషి పారిపోకుండా చట్టం రాయించింది. నీడ చెట్ల చరిత్రలో మొదటి సగం చెప్పి రెండో సగం మింగేవాడు ప్రకృతిప్రేమికుడు కాడు, అబద్ధసాక్షి.

కథ అక్కడ ఆగలేదు. 1946లో బ్లిస్టర్ బ్లైట్ తెగులు దక్షిణభారతంలోనూ సింహళంలోనూ ప్రవేశించింది. ఎండ తగిలి ఆకు ఆరితే తెగులు తగ్గుతుందని కొండ తోటలలో నీడను పలచన చేశారు. రసాయనిక ఎరువు బస్తాలలో దిగిన తరవాత, నత్రజని కోసం చెట్టును పోషించటం దండుగ అన్న లెక్క బయలుదేరింది. తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములలో 1960 ప్రాంతాల తేయాకు తోటల నుంచి నీడ చెట్లను తొలగించారు. ఇప్పుడు ఎండలు ముదిరాయి, వాన తీరు చెడింది, ఎరువు ఖర్చు పెరిగింది. మళ్ళీ చెట్టు కావలసి వచ్చింది. ఈసారి చెట్టుతోపాటు కవులు కూడా వచ్చారు.

ఇన్ని మలుపులలోనూ తూకం వేసింది పొద దిగుబడిని. ఏ మలుపులోనూ పొద పక్కన నిలబడ్డ ఆడమనిషి అభిప్రాయం అడగలేదు. నీడ ఆమె మీద కూడా పడుతుంది గదా అంటారు. పడుతుంది. షావుకారు మేడ నీడ వీధిలో పోయేవాడి మీద పడ్డట్టు పడుతుంది. ఆ నీడను నమ్ముకొని అతడు కాపురం పెట్టలేడు. మేడ కూల్చేనాడు షావుకారు అతణ్ణి అడగడు. పడే నీడ వేరు, హక్కుగా ఉండే నీడ వేరు. ఈ తేడా తెలియని రచన ఎంత అందంగా ఉన్నా అది యజమాని గోడ మీది సున్నమే.

చట్టం కూడా ఈ తేడాకు సాక్ష్యమిస్తున్నది. స్వతంత్రభారతం 1951లో తోట కార్మికుల చట్టం చేసింది. తాగేనీరు, మరుగుదొడ్డి, పసిబిడ్డల శాల, ఇల్లు, వైద్యం యజమాని కల్పించాలన్నది. పోరాడి సంపాదించుకున్న మంచి చట్టమే. అందులో 17వ సెక్షన్, కార్మికులకు గొడుగులు, కంబళ్ళు, వానకోట్లు ఇప్పించే నియమాలు చేయటానికి రాష్ట్రప్రభుత్వాలకు అధికారమిచ్చింది. దేనినుంచి రక్షణకు? వాననుంచీ, చలినుంచీ. ఎండ మాట ఆ సెక్షన్‌లో లేదు. ఆకు ఎంత వేడిని ఓర్చగలదో డిగ్రీలతో సహా తేల్చిన దేశంలో, ఆకు కోసే చెయ్యి ఎంత ఓర్చగలదన్న ప్రశ్నకు ఆ గొడుగుల సెక్షన్‌లో చోటు దొరకలేదు. పొదకు చెట్టు, మనిషికి వానగొడుగు! ఆ చట్టం ఇప్పుడు లేదు. 2020లో చేసి 2025 నవంబరులో అమలులో పెట్టిన కార్మిక స్మృతిలో అది కలిసిపోయింది. పాత చట్టం సాధించినవి కొత్త స్మృతిలో నిలుస్తాయా అని అడుగుతూనే, పాతదానిలో లేని ఎండ మాటను కూడా ఇప్పుడు అడగాలి.

కూలి సంగతి చూద్దాం. 2023 అక్టోబరులో అస్సాం ప్రభుత్వం రోజుకూలిని బ్రహ్మపుత్ర లోయ తోటలలో 250 రూపాయలుగా, బరాక్ లోయలో 228 రూపాయలుగా పెంచింది. ఇది పెంచిన తరవాతి మాట! ఇంత తక్కువేమంటే, ఇల్లు, రేషను, వంటచెరకు కూడా ఇస్తున్నాం గదా అన్నది యజమానుల పాత జవాబు. వంటచెరకు అంటే ఏమిటి? కార్మికుడు ఎక్కి కొట్టిన కొమ్మ, కార్మికురాలు నెత్తిన మోసుకుపోయిన కట్టె. అది కూలిలో భాగమట. చెట్టు పొదకు ఇచ్చే నీడ ఉచితం. మనిషికి ఇచ్చే ఎండుకొమ్మ మాత్రం ఖాతాకెక్కుతుంది. ఇక ఆ పొయ్యి ఉన్న ఇంటి నేల అయినా వాళ్ళదా? తరతరాలుగా తోటలలోనే పుట్టి తోటలలోనే పోయినవాళ్ళకు కూలి లైన్లలోని ఇంటిస్థలం తోట ఆస్తిగానే ఉంటూ వచ్చింది. దానిపై కార్మికులకు పట్టాలివ్వటానికి దారితీసే సవరణను అస్సాం శాసనసభ ఆమోదించటానికి 2025 రావలసి వచ్చింది. తల మీది కప్పు కింద నేలకే ఇంతకాలం పడితే, తల మీది చెట్టు మాట అడిగేదెప్పుడు?

ఈలోగా అంగడిలో తేయాకు పొట్లాల మీద పచ్చని బొమ్మలు వెలిశాయి. ఇది నీడలో పండిన ఆకు, దీన్ని తాగితే అడవి బతుకుతుందని వాటి సారాంశం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవటం మన సామెత. చెట్టు పేరు చెప్పి ఆకులమ్ముకోవటం నేటి వ్యాపారం. నాణ్యతకు ముద్ర వేయటం తప్పని నేననను. కొన్ని ముద్రలు కార్మికుల షరతులు కూడా రాసుకుంటాయి. కాని ఆ ముద్ర వల్ల పెరిగిన ధరలో కోసిన చేతికి ఎంత చేరిందో అదే పొట్లం మీద అచ్చువేయమనండి. పిట్టల జాతులు లెక్కపెట్టగలిగినవాళ్ళకు రూపాయలు లెక్కపెట్టటం కష్టం కాదు.

పెద్ద తోటల సంగతి వదిలి చిన్నరైతు దగ్గరకు వచ్చినా ప్రశ్న మారదు. ఈనాడు భారతదేశపు తేయాకులో దాదాపు సగం చిన్న సాగుదార్ల నేలలలో పండుతున్నది. వారిని కూడా నీడ చెట్లు నాటమంటున్నారు. నాటిన మొక్క నీడనిచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. కాని అతని పచ్చి ఆకు కోసిన కొద్ది గంటలలో ఫ్యాక్టరీకి చేరకపోతే చెడిపోతుంది. ఆకును దాచుకోలేనివాడు ధరను బేరమాడలేడు. ఈ పూట ధర తెలియనివాణ్ణి పదేళ్ళ తరవాతి నీడ కోసం పెట్టుబడి పెట్టమనటం ఉపదేశం అనిపించుకోదు, పరిహాసం అనిపించుకుంటుంది. చెట్టు నిలవాలంటే ముందు ధర నిలవాలి.

ఇంతవరకు ప్రకృతిభక్తులతో మాట్లాడాను. ఇక మనవాళ్ళతో మాట్లాడాలి. చెట్లూ చేమలూ తిన్నది అరిగేవాళ్ళ చింతలనీ, శ్రామికుడికి కావలసింది కూలి తప్ప నీడ కాదనీ అనే మిత్రులు మనలో తక్కువ లేరు. ఈ వాదన విప్లవకరంగా వినిపిస్తుంది గాని, నిజానికి యజమాని వాదనే. ఎండ ప్రకృతికి సంబంధించినదని, కూలి మాత్రమే తమతో తేల్చుకోవలసినదని యజమానులు కూడా అంటారు. మిల్లుకు కప్పు కావాలని, గాలి ఆడాలని, యంత్రానికి కంచె ఉండాలని యూనియన్లు పోరాడాయి. అవి ప్రకృతికవిత్వం కాలేదే! మిల్లుకు కప్పు అడిగిన యూనియను తోటకు చెట్టు ఎందుకడగకూడదు? చెట్టు తీసి ఎరువు, పురుగుమందు పెంచితే ఆ మందు చల్లేది ఎవరు? ఎండకు ఆకు తగ్గి, రోజు కోయవలసిన బరువు తూగకపోతే కోత పడేది ఎవరి కూలిలో? తోటలో నీడ పనిపరిస్థితి. దాన్ని కవులకు వదిలిపెట్టటం పోరాటంలో ఒక మడిచెక్కను ఊరికే వదులుకోవటం.

నీడకు మరో రకం యాజమాన్యం సాధ్యమేనా? సాధ్యమే. చైనాలోని యునాన్ రాష్ట్రంలో జింగ్‌మాయ్ పర్వతం మీద బ్లాంగ్, దాయ్ జాతులవాళ్ళు శతాబ్దాలుగా అడవి చెట్ల నడుమ తేయాకు పెంచుతున్నారు. పైన పెద్ద చెట్లు, మధ్య తేయాకు, కింద గడ్డిమొక్కలు. తోట చుట్టూ రక్షణగా అడవి ఉంచటం ఆ ఊళ్ళ ఆచారం. 2023లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అక్కడ నీడను నిలిపింది ఊరు; ఆ నీడలో బతుకుతున్నదీ ఊరే.

అంత దూరం పోనక్కరలేదు. మన మన్యంలో పండేది తేయాకు కాదు, కాఫీ. కాని నీడ సూత్రం ఒక్కటే. పాడేరు, అరకు ప్రాంతాలలో గిరిజన కుటుంబాలు చెట్ల కింద కాఫీ పెంచుతున్నాయి. ఆ చెట్లకు మిరియాల తీగ పాకిస్తున్నాయి. నీడ ఉన్నచోట అరబికా కాఫీకి తెల్లకాండం తొలిచే పురుగు బెడద కూడా తగ్గుతుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అస్సాంకూ మన్యానికీ తేడా ఎక్కడున్నది? చెట్టులో లేదు, మట్టిలో లేదు. గిరిజనప్రాంతపు నేల గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుపడిన 1/70 చట్టంలో ఉన్నది. ప్రభుత్వ భూమిని కూడా అక్కడ గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకివ్వరాదన్న 1997 సమతా తీర్పులో ఉన్నది. పోడు నేల మీద హక్కును గుర్తించిన 2006 అటవీ హక్కుల చట్టంలో ఉన్నది. ఈ గోడలు లేకపోతే అరకులోయలో కూడా నేడు కూలి లైన్లుండేవి. వాటి మీద మనవాళ్ళు మంచు కవితలు రాసేవాళ్ళు.

అలాగని మన్యంలో సమస్య తీరిందనుకోవటం ఆత్మవంచన. అక్కడ నీడకు ఎక్కువగా నాటించింది సిల్వర్ ఓక్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. త్వరగా, నిటారుగా పెరుగుతుంది, మిరియాల తీగకు ఆధారమవుతుంది, కలపగా అమ్ముడవుతుంది. ఇవన్నీ దాని గుణాలే. కాని పనస, మామిడి, చింత, జీలుగు చెట్ల మధ్య పుట్టిన మనిషికి తన నీడను తాను ఎంచుకొనే అవకాశం ఎంత ఉన్నది? నర్సరీలో ఏ మొక్క పెంచితే అదే అడవి అవుతుంది. పనస నీడతోపాటు కూడు పెడుతుంది. కరువునాడు ఆ తేడా తెలుస్తుంది. ఇంకొకటి. ప్రభుత్వసంస్థ పెంచిన కాఫీ తోటలలో గిరిజనులు కూలీలుగానే మిగిలారు. ఆ తోటలు తమకు అప్పగించాలని అడుగుతున్నారు. అడిగే హక్కు వాళ్ళకున్నది. దొర స్థానంలో ఆఫీసు కూర్చుంటే నీడ చేతులు మారుతుందేగాని స్వభావం మారదు.

కనక అడగవలసినవి స్పష్టం. తోటలో చెట్టు నాటినా, కొమ్మ కొట్టినా, చెట్టు తీసినా ఆ నిర్ణయంలో కార్మికులకు భాగముండాలి. ఎండ హద్దు మీరినప్పుడు పని ఆగాలి. ఆగిన గంటలకు కూలి ఆగకూడదు. కొమ్మ, కలప, కాయ మీద పెంచినవాళ్ళకు హక్కుండాలి. చిన్నరైతుకు నీడ ఉపదేశించే ముందు పచ్చి ఆకుకు గిట్టుబాటు ధర కట్టాలి. మన్యంలో నేల పట్టాతోపాటు చెట్టు ఎంపిక కూడా గిరిజనుడి చేతిలో ఉండాలి.

సాహిత్యం చేయవలసినదేమిటి? ముల్క్ రాజ్ ఆనంద్ 1937లోనే అస్సాం తోట మీద 'రెండాకులు, ఒక మొగ్గ' అనే అర్థమిచ్చే పేరుతో ఇంగ్లీషు నవల రాశాడు. మంచి మాటలు చెప్పి తోటకు తీసుకుపోయిన ఒక పంజాబు రైతును అందులో కథానాయకుణ్ణి చేశాడు. తేయాకును గురించి రాయటమంటే తేయాకు కోసేవాణ్ణి గురించి రాయటమని ఆయన అప్పుడే తేల్చాడు. ఆ తరవాత ఇన్నేళ్ళకు మనం మనిషిని తీసివేసి పొదను కథానాయికను చేసుకుంటే, అది పురోగమనం కాదు. మన్యం నుంచి, అస్సాం తోటలలోని తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు ఈనాడు చదువుకుంటున్నారు, వాళ్ళు రాస్తారు. వాళ్ళ రచనలో చెట్టు తప్పక ఉంటుంది. ఆ చెట్టును ఎవరు నాటారో, ఎవరు కొట్టారో, దాని కింద ఎవరు ఎంత కూలికి నిలబడ్డారో కూడా ఉంటుంది. చెట్టును ప్రేమించటానికి నాకు అభ్యంతరం లేదు. చెట్టును ప్రేమించేవాడు దాని నీడలో నిలబడ్డ మనిషి పేరు తెలుసుకొని ప్రేమించాలి.